రాకబిల్లీ నుంచి తండా డీజే దాకా: పాత పాటకు కొత్త ఫ్యాన్స్ ఎందుకు?

 

ఈ ఎపిసోడ్‌ని ఒక పెళ్లిలో జరిగిన గొడవతో మొదలుపెడ్తా. ఆ గొడవకు కారణం వేరే ఎవరో కాదు, నేనే.

పోయిన ఎండాకాలం. మానుకోట దగ్గర మా తండాలో మా కాకా బిడ్డ పెళ్లి. నాకు చెల్లె అవుతుంది. అంతకు రెండేళ్ల ముందు మా దాది, అంటే మా నాయన తల్లి, పాడిన ఒక ఢావ్లో నా ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకున్నా. ఢావ్లో అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: మా లంబాడీల్లో పెళ్లికూతురు అత్తగారింటికి పోయేముందు తల్లి మెడ పట్టుకుని, అన్నదమ్ముల మెడ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట. పాటా అంటే పాటే, ఏడుపా అంటే ఏడుపే. పుట్టిన ఇంటిని, ఆడుకున్న వాకిలిని, ఇంట్లోవాళ్లని ఒక్కొక్కరిని తల్చుకుంటూ పాడుతుంది.

నేనేం చేసిన? ఆ ఫైల్ తీసి మా డీజే తమ్ముడికి పంపిన. "అన్నా, నువ్వు ఫైల్ ఇయ్యి, మిగతాది నేను చూస్కుంట" అన్నడు. చూస్కున్నడు కూడా. దాది గొంతు ముక్కలు ముక్కలుగా కోసి, కింద బేస్ వేసి, మధ్యలో సైరన్ పెట్టి, రాత్రి పదకొండింటికి బరాత్‌లో వదిలిండు. తండా మొత్తం ఎగిరింది. నేనూ ఎగిరిన. వీడియో తీసుకుంట ఎగిరిన.

దాది ఇంట్లోంచి బయటికి వచ్చింది. బాక్సుల ముందు నిలబడ్డది. ఒక్కటే మాట అన్నది: "నా ఏడుపు మీద ఎగురుతున్నర్రా?"

ఎవరో కుర్రోడు "దాదీ, నీ పాట హిట్ అయింది" అన్నడు. ఆమె ఇంకేం అనలేదు. లోపలికి పోయింది. రెండు రోజులు నాతోటి మాట్లాడలేదు.

ఇక్కడ ఇంకో విషయం ఉంది. పొద్దున పంపకాలప్పుడు మా చెల్లె నన్ను పక్కకు పిలిచి అడిగింది: "అన్నా, బీట్ లేకుంట ఒరిజినల్ ఉందా? నాకు పంపు. నాకు ఢావ్లో పాడనీకి రాదు. మా యాడికి కూడా సగమే వచ్చు." యాడి అంటే అమ్మ.

ఒక్కసారి ఆలోచించండి. డీజేలో వినకపోయుంటే ఆ పాట ఉన్నట్టే ఆమెకు తెలియదు. డీజేలో వినబట్టి దాదికి గుండె కోత. మరి నేను చేసింది తప్పా, ఒప్పా? పాత పాటని, పాత బట్టని, పాత స్టైల్‌ని ఇప్పటి పిల్లలు మళ్లీ నెత్తికెత్తుకుంటే దాన్ని ఏమనాలె? ప్రేమ అనాలా, ఫ్యాషన్ అనాలా, దొంగతనం అనాలా?

దీనికి జవాబు వెతుకుతుంటే నాకు ఒక అమెరికా కథ గుర్తొచ్చింది. కాసేపు అక్కడికి పోయొద్దాం.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నప్పుడు మా క్లయింట్ టీమ్‌లో ఒకాయన ఉండేవాడు. వీడియో కాల్‌లో చూస్తే నూనె పెట్టి ముందుకి పఫ్ లేపిన జుట్టు, వెనక గోడకి మనిషంత ఎత్తున్న డబుల్ బాస్. అచ్చం మన పాత సినిమా హీరోలాగ. ఒకరోజు డిప్లాయ్‌మెంట్ అయ్యేదాకా ఖాళీగా కూర్చుని అడిగిన, ఏంటి సార్ ఈ గెటప్ అని. "రాకబిల్లీ" అన్నడు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, వింటూ కూర్చున్నా.

రాకబిల్లీ అంటే రెండు మాటల కలయిక. ఒకటి రాక్ అండ్ రోల్. రెండోది హిల్‌బిల్లీ. హిల్‌బిల్లీ అంటే కొండప్రాంతపు పల్లెటూరి తెల్లోళ్లని పట్నపోళ్లు వెక్కిరిస్తూ పిలిచిన మాట. మన దగ్గర "ఏయ్ ఊరోడా" అన్నట్టు. 1920లలో అమెరికా రికార్డు కంపెనీలు నల్లజాతి వాళ్ల పాటలను "రేస్ రికార్డులు" అని, పేద పల్లె తెల్లవాళ్ల పాటలను "హిల్‌బిల్లీ రికార్డులు" అని విడివిడిగా అమ్మేవి. పాటకు కూడా కులం పెట్టినట్టే కదా.

1954 జూలై 5. మెంఫిస్ నగరం, సన్ స్టూడియో. 19 ఏళ్ల ట్రక్కు డ్రైవర్ ఎల్విస్ ప్రెస్లీ, గిటార్ మీద స్కాటీ మూర్, డబుల్ బాస్ మీద బిల్ బ్లాక్. డ్రమ్ములు లేవు. బాస్ తీగలని చేత్తో చరుస్తుంటే అదే డ్రమ్ము లెక్క మోగుతుంది. ఆ రోజు వాళ్లు పాడింది ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి గాయకుడు 1946లో రికార్డు చేసిన బ్లూస్ పాట. ఆ రికార్డు రెండో వైపు వేసింది బిల్ మన్రో అనే తెల్లాయన రాసిన పల్లె పాట. అంటే మార్కెట్ విడదీసి అమ్మిన రెండు సంగీతాలు ఒకే రికార్డుకి అటు ఇటు ఎక్కినయ్. రాకబిల్లీ కథ చెప్పేటోళ్లు చాలామంది ఇక్కడినుంచే మొదలుపెడ్తరు.

నాలుగైదేళ్లు ఊపేసింది. తర్వాత బీటిల్స్ వచ్చారు, కాలం మారింది, రాకబిల్లీ పాతబడింది. అక్కడితో అయిపోవాలె. అయిపోలేదు. 1980లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్ కుర్రాళ్లు ముగ్గురు, స్ట్రే క్యాట్స్ అనే బ్యాండ్, లండన్‌కి పోయి అదే పాత పద్ధతిలో వాయించి హిట్ కొట్టారు. వాళ్లు పుట్టేసరికే ఎల్విస్ పెద్ద స్టార్! 1998 నుంచి లాస్ వేగాస్‌లో రాకబిల్లీ పండగ జరుగుతుంది, పాత కార్లేసుకుని, పాత మోడల్ గౌన్లు వేసుకుని ఎక్కడెక్కడినుంచో వస్తారు. టోక్యోలో యోయోగి పార్క్ దగ్గర ఆదివారం పూట లెదర్ జాకెట్లు, పఫ్ జుట్టుతో జపాన్ వాళ్లు డ్యాన్స్ చేస్తరు. వాళ్లకూ మెంఫిస్‌కీ ఏం సంబంధం చెప్పండి?

మా క్లయింట్ సార్‌ని అదే అడిగిన. ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తా: "1950లు వెనక్కి రావాలని నాకు లేదు. మా తాత ఫ్యాక్టరీ పనోడు. వారమంతా నూనె మరకలే. శనివారం రాత్రి మాత్రం జుట్టు దువ్వుకుని, బూట్లు పాలిష్ చేసుకుని రాజు లెక్క బయటికి పోయేటోడట. నాకు ఆ శనివారం కావాలె."

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో మోగుతుంది. సరే, ఇక మన దగ్గరికి వద్దాం.

మా తాతల శనివారం ఎక్కడ పోయింది? దానికి కొంచెం చరిత్ర కావాలె. బోర్ కొట్టించను.

బంజారాలు, లంబాడీలు, సుగాలీలు, గోర్ మనుషులు. పేర్లు వేరు, మనుషులం ఒకటే. వందల ఏళ్లు మా పని రవాణా. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగారు. దక్కన్‌కి వచ్చిన మొగలు సైన్యాలకు తిండి మోసింది బంజారాలు. 1803లో మరాఠాలతో యుద్ధం చేసిన ఆర్థర్ వెల్లెస్లీ, అంటే తర్వాత నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్, ఆయన సైన్యానికి కూడా ధాన్యం అందించింది బంజారా బిడారులే. ఇప్పటి భాషలో చెప్పాలంటే మేము ఆ కాలపు లాజిస్టిక్స్ కంపెనీ. కాకపోతే ట్రాకింగ్ ఐడీ ఉండదు.

మరి ఏమైంది? రైలు వచ్చింది. మీరు జనగామ స్టేషన్‌లో గానీ మహబూబాబాద్ స్టేషన్‌లో గానీ నిలబడితే, మీ ముందున్న పట్టాలే ఆ కథ. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే సికింద్రాబాద్ నుంచి ఈ దారిన 1889 కల్లా బెజవాడ చేరింది. ఎద్దు నెల రోజులు మోసేది రైలు ఒక రాత్రిలో మోసేసింది. ఉప్పు మీద బ్రిటిష్‌వాళ్ల గుత్తాధిపత్యం ఇంకో దెబ్బ. పని పోయింది. పని పోయి తిరుగుతున్న మనుషులకు ఏం పేరు పెట్టారు? 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. కొన్ని ప్రాంతాల్లో బంజారాలను కూడా ఆ లిస్టులో వేశారు. అంటే పుట్టుకతోనే నేరస్తులు. ఆ చట్టం రద్దయింది 1952లో. తెలంగాణలో లంబాడీలకు ఎస్టీ హోదా దక్కింది 1976లో వచ్చిన చట్టంతో.

ఎద్దులు పోయినయ్, దారులు పోయినయ్. మిగిలింది రెండే: పాట, బట్ట. ఫేటియా అంటే లంగా, కాంచళి అంటే రవిక, నెత్తి మీద టుక్రి. అద్దాలు, గవ్వలు, నాణేలు, దారంతో నింపిన కుట్టు. ఒక్కో ఫేటియా కుట్టడానికి నెలలు పడుతుంది. నడుస్తుంటే చప్పుడవుతుంది, ఎండ పడితే మెరుస్తుంది. దూరం నుంచి చూసినా ఎవరు వస్తున్నరో తెలిసిపోతుంది.

ఆ తెలిసిపోవడమే మాకు సమస్య అయింది. ఇప్పుడు నేను చెప్పేది కెమెరా ముందు ఎప్పుడూ చెప్పలేదు.

బీటెక్ ఫస్టియర్. హాస్టల్‌కి నన్ను చూడటానికి నాయనతోపాటు దాది వచ్చింది. ఫేటియా కాంచళిలోనే వచ్చింది, ఆమెకు వేరే బట్ట అలవాటు లేదు. గేటు దగ్గర నా రూమ్మేట్ "ఎవర్రా ఆమె?" అన్నడు. నేను "మా ఊరామె" అన్నా. మా దాది అనలేదు. దాది పక్కనే ఉంది. ఆమెకు తెలుగు వచ్చు, ఫ్రెండ్స్. తెచ్చిన చూర్మా డబ్బా నా చేతిలో పెట్టి, "తిను బిడ్డా" అని తెలుగులోనే అన్నది. నాతోటి జీవితంలో మొదటిసారి తెలుగులో మాట్లాడింది, నా అబద్ధం నిలబడాలని.

అందుకే పెళ్లిలో ఆమె అన్న మాట నాకు రెండు దెబ్బలు. ఒకప్పుడు సిగ్గుపడి ఆమెను దాచిన. ఇప్పుడు గర్వపడి ఆమె గొంతును అడగకుండా వాడిన. రెండుసార్లూ ఆమె ఏమనుకుంటుందో అడగలేదు.

ఈ ఎపిసోడ్ కోసం మూడు జిల్లాలు తిరిగిన. ఇప్పటి పిల్లలు ఈ పాత పాటలో, పాత స్టైల్‌లో ఏం చూస్తున్నరో వినాలని.

మొదట మహబూబాబాద్, మా మానుకోట. శ్రావణంలో తీజ్ పండగ. పెళ్లికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతరు. రేగు ముళ్లకు నానబెట్టిన శనగలు గుచ్చే ఆట ఉంటది, అన్నదమ్ములు కొమ్మ కదిలించి ఏడిపిస్తరు. ఇంతకుముందు కొన్ని తండాల్లో తీజ్ దాదాపు ఆగిపోయింది. ఇప్పుడు సిటీలో కూడా చేస్తున్నరు. ఒక డిగ్రీ అమ్మాయి నిజాయితీగా చెప్పింది: "ఫస్ట్ రీల్ కోసమే వేసుకున్నా అన్నా. కిరాయికి తెచ్చిన డ్రెస్. మా నానీ చూసి నవ్వింది, ఇది బట్ట కాదు మిషన్ కుట్టు అన్నది. పెట్టెలోంచి తనది తీసింది. అది ఎత్తితేనే నా చెయ్యి నొచ్చింది. ఇప్పుడు ఆమె దగ్గర కుట్టు నేర్చుకుంటున్నా." రీల్‌తో మొదలై సూది దాకా వచ్చింది. రీల్స్‌ని తిట్టేముందు ఇది కూడా గుర్తుపెట్టుకుందాం.

తర్వాత జనగామ. దేవరుప్పుల మండలం ధర్మాపురం. తెలంగాణ సాయుధ పోరాటంలో విసునూరు దేశ్‌ముఖ్ మీద తిరగబడ్డ జాటోతు థాను నాయక్ ఊరు. 1950లో ఆయన అమరుడయ్యాడు. పోరాటం అనగానే మనకు చాకలి ఐలమ్మ, దొడ్డి కొమరయ్య గుర్తొస్తరు, రావాల్సిందే. థాను నాయక్ పేరు ఎంతమందికి వచ్చు? ఆ చుట్టుపక్కల తండాకు చెందిన ఒక తమ్ముడు నంగారా వాయిస్తడు. నంగారా అంటే మా పెద్ద డప్పు, పక్కన కంచు పళ్లెం మోగాలె. కాలేజీ ఫెస్ట్‌కి నంగారా తీసుకుపోయిండట. "డీజే బాక్స్ కిరాయికి దొరుకుతది అన్నా. నంగారా కిరాయికి దొరకదు. వాయించెటోడు ఉండాలె" అన్నడు.

మూడోది భూపాలపల్లి. అక్కడ సింగరేణిలో అండర్‌గ్రౌండ్ పని చేసే ఒక కాకా దగ్గర లంబాడీ పాటల క్యాసెట్లు ఉన్నయ్. అట్టపెట్టె నిండా. పైన పేర్లు పెన్నుతో రాసుకున్నడు, తెలుగు అక్షరాల్లో గోర్ మాటలు. మాకు లిపి లేదు కదా. ఇక్కడ తెలుగు లిపి, మహారాష్ట్రలో దేవనాగరి, కర్ణాటకలో కన్నడ. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 32 లక్షల మందికి పైనే. ఆ లెక్కని ఏ భాష కింద కలిపారో తెలుసా? హిందీ కింద. కాకాని అడిగిన, ఇవి ఎందుకు దాచినవని. "షిఫ్ట్ దిగి వచ్చినంక చెవుల మిషన్ల చప్పుడే ఉంటది. ఇది వింటే చెవులు మళ్లీ నావి అయితయ్" అన్నడు.

చూశారా? అమెరికా సార్ చెప్పిన శనివారం, భూపాలపల్లి కాకా చెప్పిన చెవులు. రెండూ ఒకటే మాట. పాత పాట ఫ్యాన్‌కి పాత కాలం మీద మోజు కాదు. కూలి, షిఫ్టు, ఆఫీసు తనని ఒక నంబర్ చేసినప్పుడు, నేను నంబర్ కాదు, నాకొక ఇంటిపేరు ఉందని చెప్పుకోవడం.

మరి అంతా బాగుందా? లేదు. ఇప్పుడు అసలు పాయింట్.

ఆర్థర్ క్రుడప్ అన్నా కదా, ఎల్విస్ మొదటి పాట ఆయనదే అని. ఆ పాట ప్రపంచమంతా తిరిగింది. ఆయన మాత్రం రాయల్టీ కోసం ఏళ్లతరబడి కొట్లాడిండు. రావాల్సింది సరిగ్గా రాకుండానే 1974లో చనిపోయిండు. రాకబిల్లీ ఫ్యాన్స్‌లో ఇప్పటికీ ఈ గొడవ ఉంది. కొందరు బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణ రాష్ట్రాల జెండాని స్టైల్ అని జాకెట్ మీద కుట్టుకుంటరు. మరి సగం పాట ఎవరిదో మర్చిపోయినవా అని మిగతా ఫ్యాన్స్ అడుగుతరు. జుట్టు తెలిసి చరిత్ర తెలియకపోతే జరిగేది ఇదే.

మన దగ్గర? యూట్యూబ్‌లో బంజారా డీజే సాంగ్స్ అని కొట్టండి, వరదలాగ వస్తయ్. మంగ్లీ లాగ అనంతపురం వైపు తండా నుంచి వచ్చి పేరు తెచ్చుకున్న గాయకులు ఉన్నరు, వాళ్ల పేరు చూసి మా పిల్లలకు ధైర్యం వచ్చింది, అది నిజం. కానీ చాలా వీడియోల కింద చూడండి. మ్యూజిక్ ఫలానా, మిక్సింగ్ ఫలానా, ఎడిటింగ్ ఫలానా. పాట? "ట్రెడిషనల్." ట్రెడిషనల్ అంటే ఎవరో ఒక దాది. ఆ దాదికి పేరుంది, ఊరుంది, గొంతుంది. మనం అడగలేదంతే.

నేను కూడా అదే చేసిన. మా డీజే వీడియో కింద నా పేరు రెండుసార్లు ఉంది. దాది పేరు లేదు.

సో, నేనేం చేసిన? ముందు ఆ వీడియో తీసేసిన. తర్వాత దాది దగ్గరికి పోయిన. మూడో రోజు. మంచం కింద కూర్చుని ఫోన్ ఇచ్చి ఒరిజినల్ వినిపించిన. మొత్తం విన్నది. విని, "మధ్యల మా అన్న పేరు ఉండె, అది నువ్వు కోసినవు" అన్నది. చూసిన. నిజమే. నేను రికార్డు కట్ చేసినప్పుడు శబ్దం సరిగ్గా లేదని ముందు నలభై సెకన్లు తీసేసిన. అందులో తన అన్న పేరు ఉంది. ఆయన ఎప్పుడో పోయిండు. ఆ పేరు పాటలో ఒక్క చోటే ఉంది.

పాత ఫోన్ బ్యాకప్ అంతా వెతికిన. పూర్తి ఫైల్ దొరకలేదు.

దాది ఏం తిట్టలేదు. మళ్లీ పాడమంటే "ఇప్పుడు ఎవర్ని పంపుతున్నమని పాడాలె?" అన్నది. ఢావ్లో ఊరికే పాడేది కాదు. కాసేపాగి అడిగింది: "నీకు ఎగిరే పాటలు కావాల్నా? అయితే ఎగిరే పాట అడుగు. తీజ్‌వి ఉన్నయ్, హోళీవి ఉన్నయ్. ఏడ్చే పాట మీద ఎందుకు ఎగురుతవ్?"

నేను ఆ ప్రశ్నే ఎప్పుడూ అడగలేదు, ఫ్రెండ్స్. ఆమె దగ్గర పాట ఉందని తెలుసు. ఏ పాట దేనికో తెలియదు.

ఆ సాయంత్రం దాది ఆరు పాటలు పాడింది. హోళీ పాట ఒకటి మా డీజే తమ్ముడికి వినిపించి, దాని మీద పని చేయమన్నం. ఈసారి రెడీ అయినంక ముందు దాదికే వినిపించిండు. "సైరన్ తీసెయ్, నంగారా పెట్టు" అన్నది. తీసేసిండు. జనగామ తమ్ముడు వచ్చి నంగారా వాయించిండు. వీడియో కింద మొదటి పేరు దాదిది.

ఇక ఈ ఎపిసోడ్ ముగించే ముందు ఒక చిన్న పని చెప్తా. మీది తండా కావచ్చు, గూడెం కావచ్చు, ఊరు కావచ్చు, బస్తీ కావచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు పాడే పాట ఒకటి రికార్డ్ చేయండి. మూడు విషయాలు మర్చిపోవద్దు. ఎవరు పాడుతున్నరో వాళ్ల పేరు వాళ్ల నోటితోనే చెప్పించండి. ఈ పాట ఎప్పుడు పాడుతరో అడగండి. ఆ ఒరిజినల్ ఫైల్‌ని ఒక్క సెకను కూడా కట్ చేయకుండా రెండు చోట్ల దాచండి. తర్వాత బీట్ వేసుకుంటరా, రీల్ చేసుకుంటరా, వాళ్లని అడిగి మీ ఇష్టం.

మా చెల్లెకి ఒరిజినల్ పంపిన. నలభై సెకన్లు తక్కువదే పంపిన, అదే ఉంది కాబట్టి. వాళ్ల అత్తగారి తండా నుంచి మొన్న ఫోన్ చేసింది. ఢావ్లో నేర్చుకుంటుందట. ఆ పోయిన ముక్కలో తన సొంత అన్న పేరు పెట్టుకుందట.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. రామ్ రామ్.